డ్రైవర్ పక్క మెట్టు

ఆ బండి ఎక్కడం కంటే రైలెక్కడం తేలిక. రైలుకి మెట్లుంటాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది. మా ఆయన కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఆ రెండూ లేవు. తలుపు తీస్తే సీటు అంచు సరిగ్గా నా నడుము దాకా వచ్చేది. ఎవరైనా ఒక కాలు ఎత్తి లోపల పెట్టి, ఊపు తీసుకుని, రెండో కాలు లాక్కోవాలి. నాకు ఆ రెండు కాళ్లలో ఒకటి పనికిరాదు.

నాలుగేళ్లప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. నడుస్తాను. వంట చేస్తాను. పెళ్లికి ముందు కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా రోజూ మూడు గంటలు ల్యాబులో నిలబడేదాన్ని. కానీ ఒంటి బరువంతా ఆ కాలి మీద వేసి పైకి లేవమంటే మాత్రం మోకాలు ముడుచుకుపోతుంది. ఈ సంగతి మా ఆయనకి పెళ్లిచూపుల్లోనే చెప్పారు. ఆయన పరవాలేదన్నారు. ఆ పరవాలేదు అన్న ఒక్క మాటని మా చుట్టాలందరూ ఎన్నేళ్లు మెచ్చుకున్నారో లెక్కలేదు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. మేం అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్లం. ఆయన కార్ల తలుపులకి గొళ్లేలు డిజైన్ చేసే ఇంజనీరు. ఆయన చిన్న కారుకి గేర్లు, క్లచ్చి. క్లచ్చి తొక్కాలంటే ఎడమ కాలే కావాలి. అందుకని నేను డ్రైవింగ్ స్కూల్లో వాళ్ల ఆటోమేటిక్ కారు మీద నేర్చుకుని, లైసెన్స్ తెచ్చుకుని, ఇంటికొచ్చి, "నాకు ఆటోమేటిక్ కావాలండీ, ఎంత పాతదైనా సరే" అన్నాను. ఆయన సరేనన్నారు. ఆఫీసులో ఎవరో వేరే రాష్ట్రానికి వెళ్లిపోతూ ఈ బండి అమ్ముతుంటే కొనుక్కొచ్చారు. ఆటోమేటికే. స్నోలో కూడా ఎక్కడా ఆగదు. నాలుగు చక్రాలూ తిరుగుతాయి. అన్నీ బాగానే ఉన్నాయి, ఎక్కడమొక్కటే నా వల్ల కాదు. గొళ్లెం డిజైన్ చేసేవాడికి తలుపు తెరిచాక మనిషి లోపలికెలా వెళ్తుందన్న ఆలోచన రాలేదు.

"దానికేముంది, నేనెక్కిస్తాగా" అన్నారు.

ఎక్కించేవారు. మోకాళ్ల కింద ఒక చెయ్యి, వీపు వెనక ఒక చెయ్యి వేసి, బియ్యం బస్తాని లారీకి ఎత్తినట్టు నన్నెత్తి సీట్లో పెట్టేవారు. దిగేటప్పుడూ అంతే. గ్రోసరీకి వెళ్తే నాలుగుసార్లు. డాక్టర్ దగ్గరికి వెళ్తే నాలుగుసార్లు. నెలకోసారి మా తెలుగువాళ్లందరం ఏదో స్కూలు కెఫెటీరియాలో కలిసేవాళ్లం. అక్కడి పార్కింగ్ లాట్‌లో ఎత్తినప్పుడు మాత్రం నాకు చచ్చిపోవాలనిపించేది. చీర కుచ్చిళ్లు పైకి పోయేవి. ఆ సన్న కాలు, దానికి వేసిన ఎత్తు మడమ బూటు, నలుగురి ముందూ గాల్లో వేలాడేవి. పిల్లలు చూసేవాళ్లు. వాళ్ల అమ్మలు పిల్లల తలలు పక్కకి తిప్పేవాళ్లు. తర్వాత నా దగ్గరికొచ్చి, "మీ ఆయన మిమ్మల్ని అరచేతుల్లో పెట్టుకుని చూసుకుంటున్నారండీ, ఎంత అదృష్టమో" అనేవాళ్లు.

నేను నవ్వేదాన్ని. ఇంకేం చేస్తాను? మొగుడు ఎత్తుకుంటున్నాడని ఎవరికైనా మొర పెట్టుకుంటారా? వినేవాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకుంటారు.

ఎత్తడం కంటే నా ప్రాణం తీసింది ఎదురుచూడడం. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కోసం ఒక ఏడాదంతా కమ్యూనిటీ కాలేజీకి వెళ్లాను. క్లాసు మూడింటికి అయిపోయేది. మా ఆయన ఆరింటికి వచ్చేవారు. ఆ మూడు గంటలూ, డబ్బులు వేస్తే చిప్సు ప్యాకెట్లు పడే మిషను పక్కన బెంచీ మీద కూర్చునేదాన్ని. చదివిందే చదివి, అల్లిందే అల్లి, వచ్చేపోయేవాళ్ల మొహాలు చూసి చూసి విసిగిపోయేదాన్ని. ఆ మిషను చేసే గుర్రుమనే చప్పుడు నిద్రలో కూడా వినిపించేది. ఆ ఏడాది అలసట ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో ఉందనిపిస్తుంది.

కోర్సయ్యాక ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఇస్తామన్నారు. డిసెంబరు మొదటి సోమవారం చేరాలి. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. ఆయన ఆఫీసు ఒక దిక్కు, ఈ ఆసుపత్రి ఇంకో దిక్కు. మా పక్క బస్సు లేదు. నేను నడుపుకుంటూ వెళ్తేనే ఆ ఉద్యోగం. లేదా మళ్లీ బెంచీ, మళ్లీ మిషను. ఇంకో ఏడాది అలా కూర్చోవడం నా వల్ల కాదు. కోర్సు మొదలుపెట్టినప్పటి ఓపిక నాకిప్పుడు లేదు.

సైడ్ స్టెప్పుల సంగతి నేనే కనిపెట్టాను. ఆయన తెప్పించుకునే బండ్ల కేటలాగులో ఉన్నాయి. తలుపుల కింద బండి పొడవునా బిగించే ఇనప మెట్లు, పైన రబ్బరు పట్టీ. ఇంట్లోనే బిగించుకోవచ్చని రాశారు. ఆగస్టులో ఆర్డర్ చేయించాను. పెద్ద అట్టపెట్టె వచ్చింది. ఆయన దాన్ని గరాజ్‌లో గోడకి ఆనించి, "ఈ వీకెండ్ పెట్టేద్దాం" అన్నారు.

ఆ వీకెండ్ ఎవరో భోజనానికొచ్చారు. పై వీకెండ్ మేం ఇంకెవరింటికో వెళ్లాం. ఆ తర్వాత లాన్‌లో గడ్డి కోయడం, తర్వాత ఎవరో కొత్తగా వచ్చినవాళ్లకి అపార్ట్‌మెంట్ వెతకడం, తర్వాత ఆకులు ఊడ్వడం. వాషింగ్ మెషీన్ గరాజ్‌లోనే ఉండేది, నేను బట్టలుతకడానికి వెళ్లినప్పుడల్లా ఆ పెట్టె నన్ను చూస్తూ ఉండేది. నేనూ దాన్ని చూసేదాన్ని. సెప్టెంబరయింది, అక్టోబరయింది. నెత్తీనోరూ బాదుకున్నాను. "కొంపలేం మునిగిపోవు, డిసెంబరింకా ఎంత దూరముంది" అనేవారు.

నవంబరులో ఒక శనివారం, పుణ్యం ఉంటుంది, ఆయన ఆఫీసు ఫ్రెండు ఒకతను వచ్చాడు. అతనూ మనవాడే, ఇంజనీరే. ఇద్దరు ఇంజనీర్లు కలిసి పెట్టె విప్పి, ఒకరికొకరు అడ్డం పడుతూ, గరాజ్ నేలంతా బోల్టులు పరిచారు. నేను మిరపకాయ బజ్జీలు వేశాను, టీ పెట్టాను. లోపల్నుంచి డ్రిల్లు చప్పుడు వింటుంటే, చాలా నెలల తర్వాత నాకు ఒంట్లో ఓపిక వచ్చినట్టనిపించింది.

సాయంత్రానికి కుడి పక్కది, అంటే నేను కూర్చునే పక్కది, అయింది. "వదినగారూ, రండి, ఓపెనింగ్ చేద్దురుగాని" అని పిలిచాడతను. వెళ్లాను. కుడి కాలు మెట్టు మీద పెట్టాను. తలుపు పైన పట్టుకుని లేచాను. కుడి కాలు బరువు మోసింది, ఎడమ కాలు లోపలికి లాక్కున్నాను, సీట్లో కూర్చున్నాను. అంతే. నాలుగు సెకన్లు పట్టిందేమో. అతను చప్పట్లు కొట్టాడు. నేను ముందు అద్దంలోంచి గరాజ్ గోడని చూస్తూ కళ్లు తుడుచుకున్నాను.

"రెండో పక్కది రేపు" అన్నారు మా ఆయన.

రేపు ఆదివారం. ఏమీ చేయలేదు. సోమ, మంగళ ఆఫీసు. పై శనివారం ఆ మిగిలిన మెట్టుని పెట్టెలో పెట్టి, టేపు కూడా వేసి, అల్మారా కిందకి తోసేశారు. బట్టలుతకడానికి వెళ్లి చూశాను. టేపు చూడగానే నా ఒళ్లు మండింది. రేపు చేసే పని పెట్టెకి ఎవరైనా టేపు వేస్తారా?

రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

"ఆ పక్కది ఎప్పుడు పెడతారు?"

"దానికేం తొందర? నీ పక్కది అయిందిగా. ఆ పక్క నేనేగా ఎక్కేది, నాకక్కర్లేదు."

"నేను నడపాలి కదండీ. డిసెంబరు నుంచి."

ఆయన అన్నం కలుపుకుంటూ, "ఈ చలికాలం పోనీ. స్నోలో కొత్తగా నడపడం అంత తేలిక కాదు. నేను దింపుతాను, నేనే తీసుకొస్తాను" అన్నారు.

"స్నో కోసమేగా ఈ బండి కొన్నారు?"

ఆయన ఇంకాస్త చారు పోసుకున్నారు. నాకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు చాలా తగ్గింది. "మీరు కావాలనే పెట్టలేదా?" అని అడిగాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. మా పెళ్లిలో అప్పగింతలప్పుడు, పాలలో ముంచిన నా చెయ్యి తీసి ఆయన చేతిలో పెడుతూ మా నాన్న ఆయన చెవిలో ఒక మాటన్నారట. "మెట్లున్న చోట మాత్రం దాన్ని ఒంటరిగా వదలకు బాబూ, పడిపోతుంది" అని. నేనప్పుడు ఏడుస్తున్నాను, నాకు వినబడలేదు. ఏడేళ్లలో ఈయన నాకు చెప్పనూ లేదు.

"ఆయన ఏడుస్తూ అడిగారు. నేను మాటిచ్చాను. రేపు నువ్వు ఏ పార్కింగ్ లాట్‌లోనో ఐసు మీద దిగుతూ పడితే, మీ నాన్నకి నేనేం చెప్పను?" అన్నారు.

నాకు ఒక పక్క మా నాన్న మీద జాలి, ఒక పక్క ఈయన మీద జాలి, రెంటికీ మించి మంట. ఇద్దరు మగవాళ్లు నా చెయ్యి పాలలో ముంచి పట్టుకుని, నా కాలి గురించి మాట్లాడుకుని ఒప్పందం చేసుకున్నారు. కాలు నాది. నన్నొక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని, నేను చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు పడ్డానో, ఎన్నిసార్లు లేచానో. పడడం నాకు కొత్తా?

అవేమీ అనలేదు. కంచాలు తీసి సింకులో వేశాను.

సోమవారం ఆయన ఆఫీసుకి వెళ్లగానే గరాజ్‌లోకి వెళ్లి టేపు పీకేశాను. ఉద్యోగంలో చేరడానికి ఇంకా ఏడు రోజులున్నాయి. పెట్టెలో ఒక కాగితం ఉంది, బొమ్మలతో సహా. కెమిస్ట్రీ ల్యాబులో ప్రొసీజర్ షీటు చదివినట్టు దాన్ని మూడుసార్లు చదివాను. మొదట కళ్లలో రజను పడకుండా కళ్లద్దాలు పెట్టుకోమంది. కోర్సులో ఇచ్చినవి ఉన్నాయి, పెట్టుకున్నాను. చీర కట్టుకుని బండి కింద దూరడం కుదరదని ఆయన పాత ప్యాంటు వేసుకుని, నడుముకి తాడు కట్టుకున్నాను. పాత బొంత నేల మీద పరిచి వెల్లకిలా పడుకుని, పాకుతూ లోపలికెళ్లాను.

అక్కడొక విషయం తెలిసింది. పడుకుంటే నా రెండు కాళ్లూ ఒకటే. బండి కింద కుంటిదీ లేదు, మంచిదీ లేదు. చేతులే పని చేయాలి, నా చేతులకేం రోగం లేదు. చాలాసేపు ఏ పనీ మొదలుపెట్టకుండా అలా పడుకునే ఉన్నాను. బాగా అలిసిపోయి ఉన్నాను కదా, హాయిగా అనిపించింది.

తలుపు కింద బండి పొడవునా ఒక ఇనప అంచు ఉంటుంది. దానికి మూడు చోట్ల రంధ్రాలు పెట్టి, మూడు బ్రాకెట్లు బిగించి, వాటి మీద మెట్టు కూర్చోబెట్టాలి. రాయడానికి ఒక్క వాక్యం. మొదటి రంధ్రానికే నాకు గంటన్నర పట్టింది. డ్రిల్లు బరువు. చేతులు పైకెత్తి పట్టుకుంటే భుజాలు పీకాయి. గుర్తు పెట్టిన చోట కాకుండా డ్రిల్లు మొన జారి పక్కకి పోయేది. ఇనప రజను మొహం మీద పడేది. మొన వేడెక్కకుండా నూనె చుక్క వేయమన్నారు. ఏ నూనెనో నాకేం తెలుసు, వంటింట్లోది తెచ్చి వేశాను. కాసేపటికి గరాజంతా బూరెలు వేస్తున్నట్టు వాసన.

మధ్యాహ్నానికి మూడు రంధ్రాలయ్యాయి. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కోసిన ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. అందుకని వాటికి రంగు పూశాను, ఆరనిచ్చాను. ఆయన చిన్న కారు ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే పెట్టుకుంటారు, గరాజ్‌లోకి తొంగి చూడరు. సాయంత్రం తలంటుకుని ఇనప రజను వదిలించుకుని, ఏమీ ఎరగనట్టు చారు పెట్టాను. ఎందుకు దాచానని ఇప్పుడడిగితే, అప్పుడు చెబితే ఆయన వచ్చి నా చేతిలోంచి డ్రిల్లు తీసుకుంటారని. తీసుకుని మళ్లీ ఈ వీకెండ్ అంటారని.

రెండో రోజు బ్రాకెట్లు. మొదటిది బిగించాను, రెండోది బిగించాను. మెట్టు ఎక్కించబోతే మూడోదానికి రంధ్రం కలవదు. వేలెడు తేడా. ఎంత లాగినా రాదు. ఆ మెట్టు మోయడమే ఒక మనిషి పని కాదు. ఒక కొస నా పొట్ట మీద, ఇంకో కొస గాల్లో. అలా పట్టుకుని, గరాజ్ తలుపు తెరిచే ఉంది కదా, పక్కింటావిడ కుక్కని తీసుకెళ్తుంటే పిలిచాను.

ఆవిడకి అరవై దాటాయి. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు లైన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. అంతకుముందు మా ఇద్దరి మధ్యా హలో తప్ప ఇంకో మాట లేదు. ఆవిడ వచ్చి, కుక్కని స్తంభానికి కట్టేసి, నా అవతారం ఎగాదిగా చూసి, "ఒక్కొక్కటీ చివరిదాకా బిగించుకుంటూ వచ్చావా?" అని అడిగింది. అవునన్నాను. "అన్నీ వదులుగా ఎక్కించు. అన్నీ ఎక్కాక బిగించు. ముందే బిగిస్తే ఏదీ కదలదు, ఏదీ కలవదు" అంది. కాగితంలో కూడా అదే రాసుంది. మూడుసార్లు చదివాను, నా మొహం.

ఆ రోజూ, మర్నాడూ ఆవిడ వచ్చి మెట్టు పట్టుకుంది. నేను కింద పడుకుని బోల్టులు ఎక్కించాను. ఇద్దరం మొహాలు చూసుకోకుండా మాట్లాడుకున్నాం. అందుకేనేమో అన్నీ చెప్పేశాను. ఎత్తడం, చీర పైకి పోవడం, అదృష్టవంతురాలివనడం, బెంచీ, చిప్సు మిషను. నాకు కావాల్సింది ఎత్తుకోవడం కాదని, తూలినప్పుడు పట్టుకోవడానికి ఒక చెయ్యుంటే చాలని. నా ఇంగ్లీషులో ఆవిడకెంత అర్థమైందో. పైనుంచి "ఊఁ" అనేది. మధ్యలో ఒకసారి, "నా మోకాళ్లూ పోయాయిలే, లైన్ మీదే పోయాయి" అంది. అంతే. జాలి పడలేదు. నాకది బాగుంది.

బుధవారం మధ్యాహ్నం చివరి బోల్టు బిగించి బయటికొచ్చాను. ఆవిడ మెట్టు మీద నిలబడి రెండు సార్లు ఊగింది. కదల్లేదు. "ఎక్కు" అంది.

ఎక్కలేకపోయాను.

చెబితే నమ్మరు. మా అమ్మమ్మ నాకు నడక వచ్చినప్పట్నుంచీ ఒకటే నేర్పింది, ఏ గడపైనా, ఏ బండైనా కుడి కాలు ముందు పెట్టమని. అందరికీ చెప్పేదే, నా ఎడమ కాలు అలాంటిది కాబట్టి నాకు రెట్టింపు చెప్పింది. ఎడ్లబండైనా, బస్సైనా, అత్తారిల్లైనా నేను కుడి కాలితోనే ఎక్కాను. కుడి పక్క సీటుకి అది సరిపోయింది. డ్రైవర్ పక్క కుడి కాలు మెట్టు మీద పెడితే ఒళ్లంతా అడ్డం తిరుగుతుంది. ఎడమ కాలు ముందు స్టీరింగ్ కిందకి వెళ్లి ఇరుక్కుంటుంది. ఆ పక్క ఎవరైనా ఎడమ కాలు మెట్టు మీద వేసి, దాని మీద లేచి, కుడి కాలు లోపల పెట్టాలి. నేను ఎడమ కాలు వేశాను. లేవబోయాను. మోకాలు ముడుచుకుపోయి గరాజ్ నేల మీద కూలబడ్డాను.

మూడు రోజులు రంధ్రాలు పెట్టాను, రంగు పూశాను, బోల్టులు లెక్కపెట్టాను. ఏ కాలితో ఎక్కుతానన్నది ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కుడి కాలే కదా, అదెప్పుడూ ముందే కదా. మొగుడికి తలుపు తెరిచాక ఆలోచన రాలేదని ఎగతాళి చేశానే, నాకు మెట్టు బిగించాక కూడా రాలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. కాలు నొప్పికి కాదు. ఇంత చేసినా మళ్లీ ఆ బెంచీయే గతా అని.

పక్కింటావిడ లేవదీయలేదు. "మొహం ముందుకి పెట్టి ఎక్కాలని ఎవరన్నారు?" అంది. "కుర్చీలో ఎలా కూర్చుంటావు? వెనక్కి తిరిగి కూర్చోవూ?"

లేచాను. బండికి వీపు పెట్టి నిలబడ్డాను. కుడి చేత్తో స్టీరింగ్, ఎడమ చేత్తో సీటు వీపు పట్టుకున్నాను. కుడి కాలు వెనక్కి ఎత్తి మెట్టు మీద పెట్టి, చేతులతో లాక్కుని లేచాను. వీపు తలుపంచుకి కొట్టుకుంది. అయినా సీటంచు మీద కూర్చున్నాను. ఎడమ కాలుని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని పక్కకి తిరిగాను. స్టీరింగ్ నా ముందుంది. ఆ మధ్యాహ్నం పన్నెండుసార్లు ఎక్కి, పన్నెండుసార్లు దిగాను. తర్వాత ఇంట్లోకి వెళ్లి సాయంత్రం దాకా నిద్రపోయాను.

శనివారం ఆయన ఏదో పనికి గరాజ్‌లోకి వెళ్లి, చాలాసేపు రాలేదు. వెళ్లి చూస్తే బొంత లేకుండానే నేల మీద పడుకుని బండి కింద ఉన్నారు. చేతిలో రెంచీ. ఒక్కొక్క బోల్టూ తిప్పి చూస్తున్నారు. ఒక్కటీ కదలడం లేదు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఎవరు బిగించారు?" అన్నారు.

"నేనే."

"గట్టిగానే ఉన్నాయి" అన్నారు. రెంచీ పెట్టెలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయారు.

సోమవారం నేను ఆసుపత్రికి నడుపుకుంటూ వెళ్లాను. రోడ్డు పొడిగా ఉంది. ఏమీ జరగలేదు. పార్కింగ్ లాట్‌లో దిగి, లోపలికెళ్లి, తెల్ల కోటు వేసుకుని, ఎవరెవరివో నెత్తురు సీసాలు మధ్యాహ్నం దాకా పరీక్ష చేశాను. మూడున్నరకి పని అయింది. మూడూ నలభైకి నేను ఇంటి దారిలో ఉన్నాను. ఎవరి కోసం చూడక్కర్లేదు.

కానీ ఆ శనివారం నుంచి మా ఆయన నన్ను ముట్టుకోవడం మానేశారు. కోపం కాదు. మాట బాగానే ఉంది, వంట మెచ్చుకునేవారు. బండి దగ్గరికి వస్తే మాత్రం రెండు అడుగులు వెనక్కి వేసి నిలబడేవారు. మెట్ల దగ్గర ముందు వెళ్లిపోయేవారు. షాపుల్లో తలుపు తీసి పట్టుకునేవారు, చెయ్యి ఇచ్చేవారు కాదు. నేను కోరుకున్నదిదే కదా అనుకున్నాను. అనుకుని కూడా, ఇంటి ముందు మూడు మెట్లూ గోడ పట్టుకుని దిగుతూ ప్రతి పొద్దునా ఉసూరుమనేదాన్ని. అయితే బస్తాలా ఎత్తుకోవాలి, లేకపోతే రెండు అడుగుల దూరంలో నిలబడాలి. ఈ మనిషికి మధ్యలో ఇంకేమీ తెలియదా అని విసుగొచ్చేది.

జనవరిలో ఒక ఆదివారం మళ్లీ అందరం ఆ స్కూలు కెఫెటీరియాలో కలిశాం. అంతకు ముందు రోజు వాన పడి గడ్డకట్టింది. పార్కింగ్ లాటంతా అద్దంలా ఉంది. ఆయన దిగి, పులిహోర గిన్నె పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. నేను నా పక్క దిగాను, మెట్టు మీదుగా, సునాయాసంగానే. దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాను. తలుపు వదిలితే పడతాను. బిల్డింగు గుమ్మం ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. గుమ్మం దగ్గర నలుగురైదుగురు నిలబడి మావైపే చూస్తున్నారు.

ఆయన ఆగారు. వెనక్కి తిరిగారు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. రావడం లేదు, పోవడం లేదు.

"ఏమండీ, చెయ్యివ్వండి" అన్నాను.

ఆయన గిన్నె పక్క కారు బానెట్ మీద పెట్టి వచ్చారు. వస్తూనే వంగి, ఒక చెయ్యి నా మోకాళ్ల కిందకి పెట్టబోయారు.

"ఎత్తకండి. చెయ్యొక్కటి చాలు" అన్నాను.

నిటారుగా నిలబడి నా వంక చూశారు. గ్లవ్ తీసి చెయ్యిచ్చారు. పట్టుకున్నాను. చిన్న చిన్న అడుగులు వేస్తూ ఇద్దరం నడిచాం. సగం దూరం వెళ్లాక, తల తిప్పకుండా, చాలా నెమ్మదిగా, "ఇది చాలని నాకెప్పుడైనా చెప్పావా?" అని అడిగారు.

హలో తప్ప మాట లేని పక్కింటావిడకి బండి కింద పడుకుని రెండు రోజుల్లో చెప్పాను. ఈయనకి ఏడేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. అలిగాను, కంచాలు సింకులో వేశాను, నవ్వాను, దాచాను.

"లేదండీ, చెప్పలేదు" అన్నాను.